ద కోర్ట్ ఆఫ్ షివల్రీ 1634–1640: మాట పడ్డవాళ్ల దావాలు, మాట విన్నవాళ్ల సాక్ష్యాలు

"నువ్వు చెప్పేది అబద్ధం" అన్న ఒక్క మాటకు 1630ల ఇంగ్లండులో ఒక పెద్దమనిషి ఇంకొకణ్ణి లండన్ దాకా లాగి దావా వేయగలిగేవాడు. అలాంటి దావాలు నడిచిన కోర్టు పేరు హైకోర్ట్ ఆఫ్ షివల్రీ, అంటే పెద్దింటివాళ్ల పరువు, వంశ చిహ్నాల తగాదాలు చూసే కోర్టు. 1634 నుంచి 1640 దాకా అక్కడికి వచ్చిన వాటిలో కాగితాలు మిగిలిన 738 కేసులను రిచర్డ్ కస్ట్, ఆండ్రూ హాపర్ అనే చరిత్రకారులు కూర్చారు. అవి బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్ అనే సైట్‌లో ఉన్నాయి. సైట్‌ను నడిపేది లండన్ విశ్వవిద్యాలయంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హిస్టారికల్ రిసెర్చ్. ఈ కేసులు చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు.

తిట్లు ఏరుకుందామని వస్తే పని తొందరగానే అయిపోతుంది. రోగ్, నేవ్ (రెండూ మోసగాడు, దగుల్బాజీ అన్న అర్థానివే), అలగా మనిషి, అబద్ధాలకోరు అనేవే తిరిగి తిరిగి వస్తాయి. ఈ సంకలనం విలువంతా సాక్షుల వాంగ్మూలాల్లో ఉంది. ఇంకా చెప్పాలంటే, సాక్షిని ఏమి అడిగారో, అతను ఏమి చెప్పాడో రెండూ ఒకే పేజీలో దొరకడంలో ఉంది. పాత కోర్టు రికార్డుల్లో ఈ సౌకర్యం అరుదు. జవాబులు ఒక కట్టలో, ప్రశ్నలు ఇంకో కట్టలో ఉండడం, చాలాచోట్ల ప్రశ్నల కట్ట పోవడం మామూలు. ప్రశ్న తెలియకుండా జవాబు చదివితే, లాయరు పెట్టిన మాటను సాక్షి నోటి మాట అనుకుంటాం.

ముందు కోర్టు సంగతి కొంత తెలియాలి, లేకపోతే కేసు పేజీలో ఏది ఎందుకుందో అర్థం కాదు. కోర్టుకు పెద్ద ఎర్ల్ మార్షల్, అంటే వంశ చిహ్నాల వ్యవహారాలు చూసే రాజుగారి అధికారి. అప్పుడు ఆ పదవిలో ఉన్నది అరండల్ ఎర్ల్ థామస్ హోవర్డ్. ఆయన కొడుకు మాల్ట్రావర్స్ ప్రభువు కూడా విచారణలు చూసేవాడు. కోర్టు కూర్చునేది వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్‌లోని పెయింటెడ్ చాంబర్‌లో. వాదించేవాళ్లు మామూలు బారిస్టర్లు కారు, డాక్టర్స్ కామన్స్ అనే లండన్ లాయర్ల సంఘానికి చెందిన రోమన్ సివిల్ లా పండితులు. అందుకే ఇక్కడ జ్యూరీ లేదు, బహిరంగ క్రాస్ ఎగ్జామినేషన్ లేదు. సాక్ష్యమంతా కాగితం మీదే నడుస్తుంది. మనకు ఇన్ని వాంగ్మూలాలు మిగలడానికి కారణం అదే.

ఈ కోర్టుకు గిరాకీ తెచ్చింది ద్వంద్వ యుద్ధాల భయం. 1614లో మొదటి జేమ్స్ రాజు ద్వంద్వ యుద్ధాలను, వాటికి పిలుపులను నిషేధిస్తూ ప్రకటన చేశాడు. కత్తి తీయకూడదంటే, అవమానం జరిగినప్పుడు వెళ్లడానికి ఇంకో చోటు ఉండాలి కదా. అందుకని ఇక్కడి ఫిర్యాదుల్లో "ద్వంద్వ యుద్ధానికి రెచ్చగొట్టే మాటలు" అన్న పదబంధం మంత్రంలా వస్తుంది. లా చదివినవాళ్లకు పాత ఐపీసీ 504, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 352 సెక్షన్లు గుర్తుకొస్తాయి. శాంతిభద్రతలకు భంగం కలిగేలా రెచ్చగొట్టాలని కావాలని అవమానించడమే అక్కడ నేరం. మాట నిజమా కాదా అన్నదాని కంటే, ఆ మాట చెయ్యెత్తేలా చేస్తుందా అన్నదే రెండుచోట్లా ముఖ్యం.

అన్ని తిట్లూ ఇక్కడికి రావు. ఆడవాళ్ల శీలం మీద వేసిన నిందలు ఎక్కువగా చర్చి కోర్టులకు వెళ్లేవి. ఆ అధికారం 1855 దాకా చర్చి కోర్టుల చేతిలోనే ఉంది. దొంగ అనడం, అంటే కోర్టు శిక్షించే నేరం అంటగట్టడం, కామన్ లా కోర్టుల పని. అక్కడ జడ్జీలు ఒక మాటకు రెండు అర్థాలుంటే మెత్తనిదాన్నే తీసుకునేవాళ్లు. 1624 నాటి చట్టం నోటిమాట పరువునష్టం దావాకు రెండేళ్ల గడువు పెట్టింది. నష్టపరిహారం 40 షిల్లింగులకు తగ్గితే ఖర్చులు కూడా అంతకు మించి ఇవ్వకూడదంది. "నువ్వు పెద్దమనిషివే కాదు" అన్న మాటకు ఆ రెండుచోట్లా చోటు లేదు. దానికి దారి షివల్రీ కోర్టే.

ఇక కేసు పేజీ. పైన సారాంశం ఉంటుంది. దాని కింద తొలి చర్యలు, ఫిర్యాది వాదం, ప్రతివాది వాదం, తీర్పు లేదా క్షమాపణ, కోర్టు హాజరుల వరస, సంపాదకుల గమనికలు, ఏ కాగితం ఎక్కడుందో చెప్పే పట్టిక వస్తాయి. చివర్లో మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, అంశాల పేర్లు. కొన్ని పేజీలు నాలుగు పేరాలతో ముగుస్తాయి, కొన్ని ఎంత కిందికి జరిపినా అయిపోవు. ఆ తేడా కేసు ప్రాముఖ్యాన్ని బట్టి వచ్చింది కాదు, కాగితాలు మిగిలినదాన్ని బట్టి వచ్చింది.

సారాంశం చాలా శుభ్రంగా రాశారు. చిక్కంతా ఆ శుభ్రతలోనే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమన్నారు అన్నది పది వాక్యాల్లో కథగా చెప్పేసరికి ఆ కథే జరిగిన సంగతి అనిపిస్తుంది. తిట్టు ఫలానా అని సారాంశంలో కనిపిస్తే, అది సాధారణంగా ఫిర్యాది తన కాగితంలో రాసుకున్న తిట్టు. సాక్షులు సరిగ్గా అదే మాట విన్నారో లేదో కిందికి వెళ్తేనే తెలుస్తుంది. అందుకని చదివే వరస మార్చుకోండి. ముందు కాగితాల పట్టిక చూడండి. ఫిర్యాది సాక్షులు, ప్రతివాది సాక్షులు ఇద్దరివీ మిగిలాయా, ఒకవైపువే మిగిలాయా తేల్చుకోండి. తర్వాత లైబెల్, అంటే ఫిర్యాది దావా కాగితం, చదవండి, ఆపైన ఎదుటిపక్షం వేసిన ప్రశ్నావళి, ఆ తర్వాతే వాంగ్మూలాలు. సారాంశాన్ని ఆఖరుకు పెట్టుకోండి. మొదలుపెట్టడానికి రెండువైపుల సాక్షులూ ఉన్న కేసునే ఎంచుకోండి. ఒకవైపు కాగితాలతో మొదలుపెడితే పక్షపాతం మనకు తెలియకుండానే అంటుకుంటుంది.

లైబెల్ అన్న మాట దగ్గరే చాలామంది జారిపడతారు. ఇక్కడ దానికి పరువు తీసే రాత అని అర్థం కాదు. సివిల్ లా కోర్టుల్లో ఫిర్యాది వేసే ప్లెయింటునే లైబెల్ అంటారు. దాన్ని అంకెలు వేసిన అంశాలుగా విడగొడతారు. మామూలుగా మొదటి అంశం ఫిర్యాది పుట్టుక: తరతరాలుగా, కొన్నిసార్లు 200 ఏళ్లకు పైగా, పెద్దింటి వంశమని, వంశ చిహ్నం ధరించే హక్కుందని. తర్వాతి అంశం ప్రతివాది అన్న మాటలు. ఇంకో అంశం ఆ మాటలు కత్తి దూసేలా రెచ్చగొట్టాయని. ప్రతివాది సామాన్యుడైతే ఆ సంగతి కూడా విడిగా రాస్తారు. చివర్లో తరచుగా "ఇదంతా లోకానికి తెలిసిందే" అన్న అంశం.

అంటే ఫిర్యాది రుజువు చేయాల్సినవి రెండు: తాను పెద్దమనిషినని, ఆ మాట అన్నారని. ఈ సంగతి పట్టుకోకపోతే వాంగ్మూలాలు వింతగా తోస్తాయి. సత్రంలో జరిగిన గొడవ గురించి ఒక్క ముక్కా తెలియని ముసలి సాక్షి ఒకడు వస్తాడు. ఫిర్యాది తాతను, ముత్తాతను, వాళ్ల పొలాలను, చర్చి కిటికీ మీది చిహ్నాన్ని చెప్పి వెళ్తాడు. అతన్ని పిలిచింది మొదటి అంశం కోసం. గొడవ చూసిన పనివాడు రెండో అంశానికి. వాంగ్మూలంలో "1వ అంశానికి", "2వ అంశానికి" అని అంకెలు కనిపిస్తాయి కాబట్టి, వేరే కిటికీలో లైబెల్ తెరిచిపెట్టుకుని ఆ అంకెల్ని జతపరుచుకుంటూ చదవడం తప్ప దగ్గరిదారి లేదు.

ఆ అంకెలకు ఇంకో ఉపయోగం ఉంది. నలుగురు సాక్షులూ తిట్టును పొల్లుపోకుండా ఒకేలా చెప్పారంటే, ఎంత గట్టి సాక్ష్యమో అనిపిస్తుంది. చాలాసార్లు జరిగింది వేరు. అంశంలో రాసిన మాటలను చదివి వినిపించి, అలా అన్నాడా అని అడుగుతారు. అవునన్న సాక్షి వాంగ్మూలంలోకి లైబెల్ మాటలే ఎక్కుతాయి. కాబట్టి సాక్షులు కలిసేచోట కంటే విడిపోయేచోట ఎక్కువ నమ్మకమైన సమాచారం దొరుకుతుంది. ఒకడు "లేదా అలాంటి అర్థం వచ్చే మాటలు" అంటాడు. ఇంకొకడు రెండు మాటలు విన్నానని, మూడోది వినలేదని చెబుతాడు. కోపంగా అన్నాడా, పరాచికంగా అన్నాడా అన్న దగ్గర ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. ఇలా విడిపోయిన చోట్లన్నీ గుర్తు పెట్టుకోండి.

సాక్ష్యం తీసుకునే పద్ధతి మన జిల్లా కోర్టులు చూసినవాళ్లకు తేలిగ్గానే అర్థమవుతుంది. సాక్షులందరినీ లండన్ రప్పించడం కష్టం కనుక, కోర్టు ఆ కౌంటీలోని కొందరి పేర్లతో కమిషన్ వేసేది. మనకు అడ్వకేట్ కమిషనర్ ఉన్నట్టే. వాళ్లు ఒక నోటరీతో కలిసి చెప్పిన రోజున, తరచుగా ఊళ్లోని ఏదో ఒక సత్రంలో కూర్చునేవాళ్లు. సాక్షిని ఒక్కణ్ణే పిలిచి, ప్రమాణం చేయించి, లైబెల్ అంశాల మీద అడిగి, ఆపైన ఎదుటిపక్షం ఇచ్చిన లిఖిత ప్రశ్నావళి మీద అడిగేవాళ్లు. ఎదుటి లాయరు ఎదురుగా ఉండడు. జవాబు విని అప్పటికప్పుడు ఇంకో ప్రశ్న వేసే వీలు లేదు. అందుకే ప్రశ్నావళి రాసే లాయరు అన్ని సందులూ ముందే ఊహించుకోవాలి. సివిల్ లాలో పూర్తి రుజువుకు ఇద్దరు సాక్షులు కావాలి. ఒక్కడే విన్న తిట్టు ఎంత ఘోరమైనదైనా సగం రుజువే. ఫిర్యాదులో తిట్టు రెండుమూడు చోట్ల, రెండుమూడు తేదీల్లో జరిగినట్టు ఉంటే, ఒక్కో చోటుకు ఎంతమంది సాక్షులున్నారో లెక్కపెట్టండి. దావా ఎక్కడ బలంగా ఉందో అక్కడే బయటపడుతుంది.

ఈ ప్రశ్నావళులే మొత్తం సంకలనంలో ఆణిముత్యాలు. మొదటి ప్రశ్న చాలాచోట్ల ఒకే అచ్చులో ఉంటుంది. తప్పుడు సాక్ష్యానికి శిక్ష ఏమిటో హెచ్చరించి, వయసెంత, ఏ పని చేస్తావు, గత ఏడేళ్లుగా ఎలా బతుకుతున్నావు అని అడుగుతారు. ఫిర్యాదికి చుట్టానివా, నౌకరువా? అప్పులన్నీ తీరిస్తే నీ ఆస్తి ఎంత మిగులుతుంది? రాను పోను ఖర్చులు ఎవరిచ్చారు? ఎవరు గెలవాలని నీకుంది? ఆ తర్వాతే అసలు విషయం: అప్పుడు అక్కడ ఇంకెవరున్నారు, ముందు నోరు జారింది ఎవరు, ఫిర్యాది ఏ మాటతో రెచ్చగొట్టాడు. ఈ ఆఖరి ప్రశ్న ప్రతివాదికి ఊపిరి. రెచ్చగొడితేనే తిట్టానని తేలితే శిక్ష తేలికవుతుంది.

ఆస్తి ప్రశ్న మీద ఆగి చూడాలి. అప్పులు పోగా 40 షిల్లింగులు ఉన్నాయని చెప్పడం ఆ రోజుల్లో సాక్షికి ఒక గీత లాంటిది. 20 షిల్లింగులకు ఒక పౌండు, 12 పెన్నీలకు ఒక షిల్లింగు, అంటే 40 షిల్లింగులు రెండు పౌండ్లు. ఆ గీత కిందివాడి మాట డబ్బుకు లొంగుతుందని ఎదుటిపక్షం వాదిస్తుంది. కాబట్టి సాక్షి చెప్పిన అంకెను అతని ఆస్తి లెక్కగా తీసుకోవద్దు. "నా మాటకు విలువుంది" అని చెప్పుకునే తీరు అది. గుండ్రటి అంకెలు ఎక్కువ కావడానికి కారణం కూడా అదే. వయసూ అంతే. 40, 50, 60 దగ్గర కుప్పలు పడతాయి. "సుమారు" అన్న మాటను వదిలేసి లెక్కలు కట్టకూడదు.

సాక్షి పరిచయం ఒక వరుసలో ఉంటుంది: పేరు, ఊరు, హోదా, వయసు, తేదీ. హోదా మాటల్లో ఉచ్చులున్నాయి. హస్బెండ్‌మన్ అంటే భర్త కాదు, చిన్న రైతు. యోమన్ అతనికంటే ఒక మెట్టు పైన, సొంత భూమి గల రైతు. జెంట్ అని పొట్టిగా రాసేది పెద్దమనిషి అనే హోదా, దానికి పైమెట్టు ఎస్క్వైర్. కోర్టు గుమస్తా ఒకణ్ణి జెంట్ అని రాశాడంటే ఆ హోదా అందరూ ఒప్పుకున్నారని కాదు. ఆ మాట మీదే నడుస్తున్న కేసులివి. ఒకే మనిషి ఒక కాగితంలో యోమన్‌గా, ఇంకో కాగితంలో జెంట్‌గా కనిపిస్తే పొరపాటు అనుకుని దిద్దుకోకండి, రెండూ రాసి ఉంచుకోండి.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. ఇప్పటి ఇంగ్లీషులో యూ ఒక్కటే. అప్పుడు దౌ, యూ రెండూ ఉండేవి, మన నువ్వు, మీరు లాగే. సమానుణ్ణి గాని, పైవాణ్ణి గాని దౌ అని పిలిచాడంటే, ఆ తర్వాత వచ్చే తిట్టు లేకపోయినా అవమానం జరిగిపోయినట్టే. 1603లో ప్రసిద్ధ నావికుడు వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణలో అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ ఆయన్ని కావాలని దౌ అని, అలా అంటున్నానని చెప్పి మరీ అన్నాడు. "ఏరా" అన్నందుకు ఊళ్లు కొట్టుకున్న సంగతులు విన్నవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే వాంగ్మూలాలు థర్డ్ పర్సన్‌లో ఉంటాయి. "ఈ సాక్షి చెప్పేదేమంటే, ప్రతివాది ఫిర్యాదిని అబద్ధాలాడుతున్నాడని అన్నాడు" అని రాస్తే, దౌ అన్నాడో యూ అన్నాడో గాల్లో కలిసిపోతుంది. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న మాటలను, సారాంశంగా తిప్పిరాసిన మాటలను వేరువేరుగా ఎత్తి రాసుకోండి. మొదటివాటి మీదే భాష గురించిన వాదన కట్టాలి. మన ట్రయల్ కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్పినదాన్ని ఇంగ్లీషులో కథనంగా డిక్టేట్ చేసినప్పుడు ఏమి పోతుందో, ఇక్కడా అదే పోతుంది. కాకపోతే వాళ్లు మాట్లాడిందీ రాసిందీ ఒకే భాష గనుక, తిట్టు వరకు తరచుగా ముడి రూపంలోనే మిగిలింది.

చూసినదానికి, విన్నదానికి తేడా కూడా పట్టించుకోండి. "తన చెవులారా విన్నాడు" అన్నది ఒకటి, "నమ్మకస్తుల ద్వారా తెలిసింది" అన్నది ఇంకొకటి. రెండోది పనికిరాదని ఆ కోర్టు పక్కన పెట్టేయలేదు. వంశం, పేరుప్రతిష్ఠల విషయంలో లోకం ఏమనుకుంటోంది అన్నదే సాక్ష్యం. "ఇతన్ని ఊరంతా పెద్దమనిషిగానే ఎంచుతుంది" అన్న వాక్యాన్ని వినికిడి సాక్ష్యమని కొట్టేస్తే ఈ కేసుల గుట్టే జారిపోతుంది.

తేదీల దగ్గర జాగ్రత్త. అప్పటి ఇంగ్లండులో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. అసలు కాగితంలో 1637 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1638 ఫిబ్రవరి. చరిత్రకారులు దాన్ని 1637/8 అని రాస్తారు. జనవరి 1 నుంచి మార్చి 24 లోపు తేదీ కనిపించినప్పుడల్లా, కోర్టు హాజరుల వరసలో దాని ముందు, వెనుక ఉన్న తేదీలతో సరిచూసుకోవాలి. తిట్టిన తేదీ వాంగ్మూలం తేదీ తర్వాత వచ్చిందంటే తప్పు సాక్షిది కాకపోవచ్చు, మన క్యాలెండరుది.

తీర్పు లేని కేసులు ఎన్నో. తీర్పు లేదంటే కొట్టేశారని రాసుకోవద్దు. పెద్దలు కూర్చుని రాజీ చేసి ఉండవచ్చు, ఫిర్యాది ఖర్చులకు తట్టుకోలేక మానుకుని ఉండవచ్చు, ఆ కాగితమే పోయి ఉండవచ్చు, లేదా 1640 చివర్లో కోర్టే ఆగిపోయి ఉండవచ్చు. తీర్పు దొరికినచోట దాన్ని మూడు ముక్కలుగా చూడండి: ఫిర్యాదికి పరిహారం, కోర్టు ఖర్చులు, బహిరంగ క్షమాపణ. మూడోదాని పాఠం మిగిలితే తప్పకుండా చదవాలి. ఎక్కడ నిలబడాలి, ఎవరి ముందు, ఏ మాటలు పలకాలి అని అక్షరం అక్షరం రాసి ఇచ్చేవాళ్లు. తిట్టు నలుగురిలో పడింది గనుక క్షమాపణ కూడా నలుగురిలోనే.

కోర్టు ఆగిపోయిన తీరు గురించి ఒక మాట, ఎందుకంటే దాని చెడ్డపేరు ఈ కేసులను చదివే తీరు మీద ఇప్పటికీ పడుతోంది. 1640 పార్లమెంటులో ఎడ్వర్డ్ హైడ్, తర్వాత క్లారెండన్ ఎర్ల్ అయినవాడు, ఈ కోర్టును దుయ్యబట్టాడు. పడవవాడి బిళ్ల మీద ప్రభువుగారి హంస చిహ్నాన్ని చూసి బాతు అన్నందుకు ఒక పౌరుణ్ణి ఈ కోర్టు చితికిపోయేంత దండించిందని చెప్పాడు. కోర్టు పని ఆ డిసెంబరుతో ఆగింది. ఆ హంస, బాతు కథ కోర్టు పేరుకు శాశ్వతంగా అతుక్కుంది. అది కోర్టును మూయించాలనుకున్నవాడు చెప్పిన కథ అని గుర్తుంచుకుని, ఇక్కడి కేసులను వాటి సాక్ష్యాలతో తూచాలి. ఈ 738లో హాస్యాస్పదమైనవి ఉన్నాయి, పొలం సరిహద్దు, పన్ను వసూలు, చర్చిలో కూర్చునే బల్ల లాంటి పాత కక్షలు తిట్టు రూపంలో బయటపడ్డవీ ఉన్నాయి. ఆ కోర్టు 1954లో ఒక్కసారి మళ్లీ కూర్చుంది, మాంచెస్టర్ నగరం తన చిహ్నాన్ని ఒక నాటకశాల వాడుకుంటోందని వేసిన దావా కోసం. 1640 తర్వాత కోర్టు మళ్లీ తెరుచుకున్నా, తిట్ల పని మాత్రం 18వ శతాబ్దం మొదట్లోనే చేజారిపోయింది.

ఇక లోపాలు. కేసులు ఫిర్యాది ఇంటిపేరు అక్షరక్రమంలో ఉన్నాయి. కాలక్రమంలో చదవాలన్నా, ఒక కౌంటీవే తీయాలన్నా మీరే పట్టిక వేసుకోవాలి. నా ఉద్దేశంలో ఇదే అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, ఎందుకంటే ఎదురు దావాలు ఇక్కడ మామూలే. రాముడు భీముడి మీద వేస్తే, భీముడు రాముడి మీద వేస్తాడు. ఆ రెండూ అక్షరక్రమంలో ఎక్కడెక్కడో పడతాయి. ఒకే గొడవలో ఒక దావాకు సాక్షిగా వచ్చినవాడు ఇంకో దావాలో ప్రతివాది కావచ్చు. సంపాదకుల గమనికలు చూడకుండా, ఇద్దరి ఇంటిపేర్లనూ విడివిడిగా వెతకకుండా ఏ కేసునూ ముగించకండి. ఇంటిపేర్ల స్పెల్లింగు అప్పట్లో స్థిరంగా లేదు, కనీసం రెండుమూడు రకాలుగా వెతకాలి.

అంశాల సూచిక ఎంతో పనికొస్తుంది. పెద్దమనిషి కాదనడం, అబద్ధాలకోరు అనడం, ద్వంద్వానికి పిలవడం, తాగిన మత్తు అంటూ కేసులను గుంపులుగా చూపుతుంది. కానీ ఆ పేర్లు సంపాదకులవి, 1630ల వాళ్లవి కావు. ఎన్ని కేసుల్లో ఆ పేరుంది అని లెక్కపెట్టి, ఆ కాలంలో ఆ తిట్టు అంత ఉండేదని రాస్తే పొరపాటు. ఈ కోర్టు తీసుకునే తిట్లే ఇక్కడికి వచ్చాయి.

అసలు పత్రాల ఫోటోలు లేవు. పత్రాలు ఎక్కువగా వంశ చిహ్నాలను నమోదు చేసే లండన్ సంస్థ కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌లో, కొన్ని అరండల్ కోటలో ఉన్నాయి. కొట్టివేతలు, అంచు రాతలు చూడాలంటే ఈ సైట్ సరిపోదు. చేతిరాతే కావాలనుకునేవాళ్లు యార్క్ ఆర్చ్‌బిషప్ చర్చి కోర్టుల కాజ్ పేపర్ల, అంటే దావా కాగితాల, డేటాబేస్‌కు వెళ్లాలి. 1300 నుంచి 1858 దాకా 14,000కు పైగా కేసులు, వాటిలో పరువునష్టానివి కోకొల్లలు, బొమ్మలతో సహా. ఆడవాళ్లు ఫిర్యాదీలుగా, సాక్షులుగా ఎక్కువగా కనిపించేది అక్కడే. షివల్రీ కోర్టులో వాళ్ల గొంతు పలచన. కాని యార్క్‌లో ఎవరూ మీకు ఎత్తిరాసి పెట్టలేదు. ఈ కాలం నాటి కాగితాల్లో సాధారణంగా శీర్షికలు లాటిన్‌లో, ఒళ్లు ఇంగ్లీషులో, రాత సెక్రటరీ హ్యాండ్ అనే పాత ఇంగ్లీషు చేతిరాతలో ఉంటుంది. అందులో e అక్షరం తిరగబడి ఉంటుంది, c అక్షరం r లాగా మోసం చేస్తుంది, h తోక గీత కిందికి దిగుతుంది. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ ఉచితంగా ఇచ్చే పాత చేతిరాత పాఠాలు చేసుకుని వెళ్తే తట్టుకోవచ్చు. ముందు షివల్రీ కేసుల్లో వాంగ్మూలం కట్టుబడి అలవాటు చేసుకుని, తర్వాత యార్క్ కాగితాలు పట్టుకోవడం మంచి వరస. ఏ చోట ఏ మాట రావాలో ముందే తెలుస్తుంది కనుక అక్షరాలు త్వరగా లొంగుతాయి.

పట్టిక వేసుకునేవాళ్లు ఈ గళ్లు పెట్టుకోండి: సాక్షి పేరు, ఎవరి తరఫున, హోదా, చెప్పిన వయసు, చెప్పిన ఆస్తి, పార్టీలతో సంబంధం, ఏయే అంశాలకు జవాబిచ్చాడు, తిట్టును సొంతంగా విన్నాడా, కొటేషన్‌లో ఉన్న మాటలు. చివరి గడి సంతకమా, గుర్తా అన్నది. కొన్ని వాంగ్మూలాల కింద ఆ సంగతి ఉంటుంది. అది వదిలేస్తే మళ్లీ మొత్తం తిరగేయాల్సి వస్తుంది. పేరు రాయలేక గొర్రు బొమ్మో, అడ్డగీతో వేసినవాడు కూడా ఒక పెద్దమనిషి పరువు గురించి ప్రమాణం చేసి చెప్పాడు, కమిషనర్లు దాన్ని రాసుకున్నారు. ఎదుటిపక్షం అతని పేదరికాన్ని పట్టుకుని వాదించినప్పుడు, ఆ గడిని, ఆస్తి గడిని పక్కపక్కన పెట్టి చూడాలి.